గంటకి ఎనిమిది లీటర్లు

మా హాడో పేటలో కుళాయి నీళ్ళు మూడు రోజులకొకసారి వస్తాయి. అందుకు నాకు అభ్యంతరం లేదు. చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని గుక్కెడు నీళ్ళు లేవని గొణుక్కోవడం దీవిలో పుట్టినవాడి జన్మహక్కు. నా బాధల్లా అవి వచ్చే వేళ గురించే. వారంలో ఒక్క ఆదివారం కాస్త ఆలస్యంగా లేద్దామనుకుంటానా, సరిగ్గా ఆ రోజే ఐదింటికి పైపు దగ్గుతుంది. ముందు గాలి వస్తుంది, తరవాత తుప్పు వస్తుంది, ఆ తరవాత మన భక్తినిబట్టి నీళ్ళు వస్తాయి.

మొన్న ఆదివారం బకెట్లు వరసపెట్టుకుని నిలబడి ఉన్నాను. ఎదురింటి బెంగాలీ దీదీ తన డ్రమ్ము నింపుకుంటూ, "అంకుల్ ఉండుంటే ఈపాటికి సగం నీళ్ళు కారుకే పోసేసేవారు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ తరవాత ఇద్దరం కాసేపు పైపుకేసి అవసరం కన్నా ఎక్కువ శ్రద్ధగా చూశాం.

ఆయన పోయి నాలుగు నెలలైంది. మా పక్కింటాయన. చుట్టరికమేమీ లేదు. అయినా నేను మావయ్యా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. ఆయన భార్య నాకు అత్త. మా తాతలూ వాళ్ళ తాతలూ శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళే. మేమంతా ఒకే తెలుగు చర్చికి పోతాం, ఒకే బల్ల మీద కూర్చుని కునుకుతాం. మావయ్య దీవుల మధ్య తిరిగే ప్రయాణికుల ఓడలో, ఇంజిన్ రూములో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన ఏడాదే ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు.

మెయిన్‌లాండులో ఉన్నవాళ్ళకి ఈ ఆఖరి వాక్యం మామూలుగా కనిపించవచ్చు. అందుకని కాస్త చెప్పాలి. మా ఊళ్ళో రోడ్డంటే ఎక్కడం, దిగడం, తిరగడం. ఈ మూడూ అయ్యాక ఒక జెట్టీ. "ఈ దీవిలో నాలుగో గేరు యేసేలోపు సముద్రం వచ్చెత్తాది అల్లుడూ" అని మావయ్యే అనేవాడు. ఆ మాట ఫిర్యాదులా కాదు, తన బండి గొప్ప చెబుతున్నట్టు అనేవాడు.

కారుని ఓడ మీద తెచ్చింది ఒక రిసార్టు పెడదామని వచ్చిన డబ్బున్నాయన. రిసార్టు లేవలేదు, ఆయన వెళ్ళిపోయాడు, కారు ఒక రేకుల షెడ్డులో కోళ్ళకి ఇల్లయింది. రెండే సీట్లు. పైకప్పు మడతపెట్టేసే గుడ్డ. పండిన బొప్పాయి రంగు. నేల నుంచి దాని పొట్టకున్న ఎత్తు నా జానెడు కూడా లేదు. మావయ్య దాన్ని ఎంతకి కొన్నాడో అత్తకి చెప్పలేదు, పాస్టరు గారికీ చెప్పలేదు. ఎనిమిది నెలలు విప్పాడు, బిగించాడు. ఒక సాయంత్రం దానికి గొంతొచ్చింది. వీధిలో కుక్కలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. ఆ రోజు నుంచీ మా ఇంటికి అడ్రసు చెప్పడం సులువైంది. "పీలీ గాడీ వాళ్ళ పక్కిల్లు" అని పసుపు బండి గుర్తు చెబితే ఆటో సరాసరి వచ్చేది. నేను పీజీ చదివి ప్రభుత్వోద్యోగం తెచ్చుకున్నా మా ఇంటికి రాని గుర్తింపు అది.

ఆ కారుని చూసిన ప్రతివాడూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఎంతిస్తుంది అంకుల్?"

"ఏటిస్తాది? ఇది ఇచ్చే జాతి కాదు, పుచ్చుకునే జాతి" అనేవాడు. తరవాత జాలిపడి అసలు జవాబు చెప్పేవాడు. "గంటకి ఎనిమిది లీటర్లు."

అడిగినవాడు కిలోమీటర్ల కోసం ఇంకా నిలబడి ఉండేవాడు. కిలోమీటర్ల లెక్క మావయ్య దగ్గర లేదు. ఓడ ఇంజిన్లు తాగే నూనెని గంటల్లోనే కొలుస్తారు. ఓడ ఎంత దూరం పోయిందన్నది పైనున్న వాళ్ళ గొడవ. కింద ఉన్నవాడికి ఎన్ని గంటలు తిరిగింది, ఎంత తాగింది, ఎంత వేడెక్కింది, అంతే. మావయ్య కారుక్కూడా ఒక రిజిస్టరు పెట్టి, బజారుకెళ్ళి కొత్తిమీర తెచ్చినా ఇంజిన్ తిరిగిన నిమిషాలు అందులో రాసేవాడు. ఇంటి ముందు ఆపేటప్పుడు తాళం తిప్పి, ఓడ రేవులో కట్టేశాక ఇంజిన్ రూముకి వచ్చే ఆఖరి ఆర్డరు, "ఫినిష్డ్ విత్ ఇంజిన్స్" అని పెద్దగా అనేవాడు. అది అన్నాక గానీ దిగేవాడు కాదు.

పెట్రోలొక్కటే అయితే ఏదోలా గడిచేది. ఆ కారుకి సరిపడా వెడల్పు టైర్లు దీవుల్లో దొరకవు. దాని ప్లగ్గులు దొరకవు. వైజాగ్ నుంచి ఓడెక్కే చుట్టాలని అందరూ ఆవకాయ తెమ్మంటారు, ఎండు మామిడి తెమ్మంటారు. ఈయన ఆయిల్ ఫిల్టరు తెమ్మనేవాడు. ఒకసారి అత్త చెల్లెలి కొడుకు మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ ఒళ్ళో ఒక సైలెన్సరు పెట్టుకుని వచ్చాడు. అత్త ఎదురెళ్ళి, "గోంగూర పచ్చడేదిరా?" అంది. వాడు సైలెన్సరు చూపించాడు.

ఇక నీళ్ళు. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కారుని మంచినీళ్ళతో కడగాలి, అదీ వారానికి రెండుసార్లు. నీళ్ళొచ్చేది మూడు రోజులకోసారి. ఈ రెండు వాక్యాల మధ్య ఆ దంపతుల సంసారం మొత్తం ఇరుక్కుంది. అత్త డ్రమ్ముకి తాళం వేసింది. మావయ్య ఇంటి చూరుకి రేకు గొట్టం కట్టి వాననీళ్ళు పట్టాడు. వాన రాని నెలల్లో అత్త ప్రార్థనకెళ్ళేదాకా ఆగి, తాళం జోలికి పోకుండా, డ్రమ్ము అడుగునున్న మరని విప్పేవాడు. ముప్పై రెండేళ్ళు గొట్టాలు బిగించిన మనిషికి తాళాలు వేసి ఏం లాభం?

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది ఇంకొకటుంది. చాతం దగ్గర ఫెర్రీ ఎక్కి బంబూఫ్లాట్ పోవాలంటే బండిని జెట్టీ మీద నుంచి ఫెర్రీ పలక మీదికి దింపాలి. పోటుంటే పలక సమంగా ఉంటుంది. పాటుంటే ఫెర్రీ కిందకి దిగిపోయి పలక నిట్టనిలువుగా వాలుతుంది. మామూలు కార్లకి ఫరవాలేదు. ఈ కారుకి పొట్ట గీసుకుంటుంది. అందుకని మావయ్య చొక్కా జేబులో ఎప్పుడూ పోటుపాట్ల పట్టిక ఉండేది. "బంబూఫ్లాట్ పెళ్ళికొస్తావా మావయ్యా?" అంటే పట్టిక తీసి, వేలితో వెతికి, "పదింటికి పోటు. తాళి పదింటికి ముందైతే నేను రాను" అనేవాడు. సముద్రాన్ని అడిగి కారు బయటికి తీసే మనిషి ఈ దేశంలో ఇంకొకడున్నాడంటే నేను నమ్మను. ఉన్నా వాడు మా వీధివాడు కాదు.

అత్త ఆ కారెక్కలేదు. రెండేళ్ళు ఎక్కలేదు. ఆదివారం చర్చికి బస్సులో పోయేది. బస్సు వెనకే, బస్సు వేగంతోనే, మావయ్య కారులో వచ్చేవాడు. చర్చి స్టాపులో అత్త దిగేసరికి పక్కన ఆపి తలుపు తెరిచేవాడు.

"ఇక్కణ్ణుంచి ఎత్తు గదా. ఎక్కు."

"నా నీళ్ళు తాగిన బండి నేనెక్కను" అని అత్త కొండెక్కేది. బస్సులోంచి తలలన్నీ బయటికొచ్చేవి. ఆరాధన ఎనిమిదిన్నరకైనా మాకు అసలు కార్యక్రమం ఎనిమిదింపావుకే అయిపోయేది.

మూడో ఏడు వానలయ్యాక అత్త తేల్చేసింది. ఇంటి రేకులు కారుతున్నాయి, కారుకి నాలుగు టైర్లూ అరిగిపోయాయి. పెన్షను ఒక్కటే. రేకులైనా ఉండాలి, టైర్లైనా ఉండాలి. "క్రిస్మసుకి అది ఇంటి ముందు ఉండకూడదు. నేనుండాలో, అదుండాలో చూసుకో" అంది. నేను అక్కడే ఉన్నాను. మావయ్య తల దించుకుని చాలాసేపు గుడ్డతో ఒక స్పానరు తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న స్పానరు.

"అమ్మెత్తాను. ఒక్క రన్ను అవనీ. మాయాబందర్."

"ముప్పై రెండేళ్ళు పోయేవు గదయ్యా మాయాబందర్!"

"పోయేను. చూళ్ళేదు."

ఓడ ఉత్తరానున్న మాయాబందర్ రేవు చేరే ప్రతిసారీ ఆయన నీటిమట్టానికి కింద, ఇంజిన్ పక్కన ఉన్నాడు. పైనుంచి గంట మోగుతుంది, ఈయన ఇంజిన్ తగ్గిస్తాడు, ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు. అన్నీ అయ్యాక మెట్లెక్కి పైకొస్తే జెట్టీ పక్కనే ఉంటుంది, మనుషులు దిగిపోయి ఉంటారు. "వచ్చేసేక చూడ్డం వేరల్లుడూ, వస్తా వస్తా చూడ్డం వేరు" అన్నాడు నాతో. "ఎప్పుడూ ఇంజినే నడిపేను. ఎటు పోతన్నానో చూసుకుంటా నడపడం ఈ కారుతోనే." అన్నేళ్ళలో ఆ కారు ఎందుకు కొన్నాడో చెప్పడం అదొక్కసారే. మళ్ళీ అడిగితే స్పానర్ల గురించి మాట్లాడాడు.

ఆ నెలలోనే మా కోత పండుగ. మా చర్చిలో ఎవరి పంట వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, చేపలు. ఆరాధనయ్యాక వేలంపాట. ఎవరు ఏది పాడుకుంటే అది ఇంటికి తీసుకెళ్ళి వాడాలి. దేవుడి బల్ల మీది వస్తువు పారెయ్యకూడదు, పక్కన పెట్టకూడదు. పుల్లటి బొప్పాయి పాడుకున్నా నవ్వుతూ తినాల్సిందే. మావయ్యకి చెట్టూ లేదు, కోడీ లేదు. ఆ ఏడు లేచి వెళ్ళి రెండు గుమ్మడికాయల మధ్య కారు తాళం పెట్టాడు.

"ఇదేమిటండీ?" అన్నారు పాస్టరు గారు.

"నా చేతి పంట అయ్యగారూ. మాయాబందర్‌కి ఒక సీటు. రానూపోనూ."

అయ్యగారు ఒక్క క్షణం పైకి చూసి, అక్కణ్ణుంచి ఏమీ అభ్యంతరం రాకపోయేసరికి పాట మొదలుపెట్టారు. నేను నలుగుర్నీ నవ్విద్దామని ఐదొందలన్నాను. నవ్వారు. ఆడవాళ్ళ వైపు నుంచి "ఆరొందలు" అని వినిపించింది. అత్త.

నాకు విషయం అర్థమైంది. సీటు తను పాడేసుకుని కూర్చుంటే కారు కదలదు, పెట్రోలు మిగులుతుంది. తెలివైన ఎత్తే. నేను బుద్ధిగా ఊరుకుని ఉండాల్సింది. వెయ్యన్నాను. అత్త నాకేసి చూసి పదిహేనొందలంది. జనం ఈలలు వేశారు. రెండు వేల నూట పదహార్ల దగ్గర నా జీతం గుర్తొచ్చి ఆగిపోయాను. సీటు అత్తది.

"పాడుకున్నాను. నేను రాను. అంతే" అంది అత్త బయటికొచ్చాక.

"అమ్మా, బల్ల మీది వస్తువు" అన్నారు అయ్యగారు మెల్లిగా.

అత్త ఇన్నేళ్ళూ ఆ నియమం తప్పలేదు. పుల్లటి బొప్పాయిలన్నీ నవ్వుతూ తిన్న మనిషి. మావయ్య అటు తిరిగి జేబులోంచి పోటుపాట్ల పట్టిక తీశాడు.

మాయాబందర్ రోడ్డు మీద ఆదివాసులుండే రక్షిత అడవి భాగం దాటడానికి బండ్లన్నిటినీ ఒక గేటు దగ్గర ఆపి, వేళకి ఒక్క వరసగా వదులుతారు. ఆ తరవాత బండ్లని దాటించే ఫెర్రీ. అక్కడా పలకే. గేటు వేళా పోటు వేళా కలిసే రోజులు నెలకి నాలుగైదు. వాటిలో ఒకటి ఎంచాడు. కారులో ఇద్దరు కూర్చుంటే ఇంకేమీ పట్టదు కాబట్టి స్టెపినీ చక్రమూ అత్త సంచులూ వేసుకుని నేను ప్రభుత్వ బస్సులో, అదే వరసలో బయల్దేరాను. కండక్టరు చక్రానికి లగేజీ టికెట్టు కొట్టాడు. ఆ కారు నడపడానికయ్యే ఖర్చుల జాబితాలో అది చివరిది కాదు.

గేటు దగ్గర గంటకి పైగా ఆగాం. లారీలు, జీపులు, బస్సులు అన్నీ ఇంజిన్లు ఆపేశాయి. ఒక్క బొప్పాయి రంగు కారు మాత్రం గుర్రుమంటూనే ఉంది. నేను దిగి వెళ్ళాను. అత్త చెవులు మూసుకుని కూర్చుంది.

"అందరూ ఆపేసేరు. నీదొక్కటే అరుత్తాంది, ఎందుకయ్యా?"

"స్టాండ్‌బైలో ఇంజినాపకూడదు" అన్నాడు మావయ్య, పసిపిల్లకి చెప్పినట్టు.

ఓడలో అది నిజం. గంట ఏ క్షణాన మోగుతుందో తెలీదు, ఇంజిన్ సిద్ధంగా ఉండాలి. రోడ్డు మీద గంట మోగదు. ఇది నాకు తెలుసు, అత్తకి తెలుసు, చుట్టూ ఉన్న లారీ డ్రైవర్లందరికీ తెలుసు. ముప్పై రెండేళ్ళ అలవాటుకి తెలీదు. ఫెర్రీ దగ్గర ఇంకో గంట స్టాండ్‌బై. ఆయన ఐదున్నర గంటల లెక్కకి టాంకు నింపాడు. స్టాండ్‌బై లెక్కలో వెయ్యలేదు. దారిలో రంగత్ బంకులో ఆ వారం పెట్రోలు లేదు. మెయిన్‌లాండు నుంచి నూనె తెచ్చే ఓడ ఆలస్యం.

అడవి దారంతా రూలు ప్రకారం టాప్ మూసి, అద్దాలెత్తి, ఒక సిమెంటు లారీ వెనక ఆ స్పోర్ట్స్ కారు నడిచిన తీరు నేను బస్సు కిటికీలోంచి చూశాను. సైకిలు తొక్కడం నేర్చుకుంటున్నవాడి వెనక వస్తాదు నడిచినట్టుంది. ఊళ్ళు మొదలయ్యాక టాప్ తీశాడు. అత్త తల మీద కొంగు లేచింది, మళ్ళీ కప్పుకుంది, మళ్ళీ లేచింది. కాసేపటికి కప్పుకోవడం మానేసింది.

మాయాబందర్‌లో, జెట్టీకి అరకిలోమీటరు ముందు, కారు ఆగిపోయింది. మా బస్సూ ఆగింది. రోడ్డు వెడల్పు అంతే కాబట్టి దాటిపోయే వీల్లేదు. విషయం తెలిసి జనం దిగారు. రోజంతా కూర్చుని నడుములు పట్టేసిన ఇరవైమంది ఒక చక్కటి కారుని తోసే అవకాశాన్ని వదులుకోలేదు.

"ఆంటీ, ఆప్ భీ ఉతరియే" అన్నాడు కండక్టరు.

"నేను దిగను. డబ్బు పోసి కొనుక్కున్న సీటు" అంది అత్త తెలుగులో. అతనికి అర్థమైంది.

"అంకుల్, యే గాడీ హై యా పాల్కీ?" అన్నాడొక కుర్రాడు వెనక నుంచి. పల్లకీ అనేసరికి అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, ఎదర చూస్తూ కూర్చున్నాడు. పక్కన అత్త కూడా అలాగే కూర్చుంది. పల్లం మొదలవగానే తోసేవాళ్ళ చేతులు వదిలేసి కారు తనంతట తనే, చప్పుడు లేకుండా, జెట్టీకి దిగింది. మాయాబందర్‌కి చాలామంది పెద్దవాళ్ళు వచ్చే ఉంటారు. అంత హుందాగా వచ్చినవాళ్ళని నేను ఎరగను. అయినా గొప్పలు చెప్పుకోకూడదు, తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

జెట్టీకి అప్పుడే ఓడ వస్తోంది. ఆయన ఓడ కాదు, అదే కొలతలతో కట్టిన ఇంకొకటి. ఆయన కారు చప్పుడు లేకపోవడం వల్ల దాని ఇంజిన్ స్పష్టంగా వినిపించింది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

"స్టాండ్‌బై" అన్నాడు. "ఇప్పుడు స్లో అహెడ్." ఓడ చప్పుడు తగ్గింది. "స్టాప్." ఆగింది. "స్లో అస్టర్న్." ఇంజిన్ వెనక్కి తిరిగి ఓడ వెనక నురుగు లేచింది. ఒక్కటి తప్పు పోలేదు. కుర్రాళ్ళు నవ్వడం మానేసి ఆయన్నీ ఓడనీ మార్చి మార్చి చూశారు.

అత్త మోచేత్తో పొడిచింది. "కళ్ళు తెరవయ్యా! దీనికోసమే గదా అంత పెట్రోలు తగలేసేవు."

తెరిచాడు. తాళ్ళు విసరడం, ఓడ మెల్లిగా జెట్టీకి ఒరగడం, మెట్లు దించకముందే పిల్లలు చేతులూపడం, అన్నీ చూశాడు. చివరి మనిషి దిగేదాకా ఇద్దరూ కారులోనే కూర్చున్నారు. నేను ఒక చక్రం పట్టుకుని పక్కన నిలబడ్డాను.

పెట్రోలు రావడానికి మూడు రోజులు పట్టింది. ఇద్దరూ అక్కడే తెలిసినవాళ్ళింట్లో ఉన్నారు. నాకు సెలవు లేక బస్సులో తిరిగొచ్చేశాను. ఆ క్రిస్మసుకి కారు ఇంటి ముందే ఉంది. తరవాతి క్రిస్మసుకీ ఉంది. రేకులకి తారు పూశారు. అమ్మకం మాట అత్త ఎత్తలేదు, మేమెవరమూ గుర్తు చెయ్యలేదు. డ్రమ్ము తాళం మాత్రం అలాగే ఉంది. సిద్ధాంతం సిద్ధాంతమే.

కిందటి వారం గరాచర్మ వైపు కొత్తగా హోటలు కట్టిన ఒకాయన ఆ కారు సంగతి నా దగ్గర కదిపాడు. మంచి ధరే చెప్పాడు. నేను అత్త దగ్గరికి వెళ్ళాను. వెనక వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. ధర చెప్పాను. తల ఎత్తలేదు. చదువుకున్నవాణ్ణి కదా, ఉన్నదున్నట్టు వివరించడం నా బాధ్యత అనుకున్నాను. బ్యాటరీ దిగిపోయిందన్నాను. టైర్లు ఓడ మీద రావాలన్నాను. ఇన్సూరెన్సు, ఉప్పుగాలి, ప్లగ్గులు, ఒక్కొక్కటీ ఎంతవుతుందో చెప్పాను. ఊరికే నిలబెట్టినా ఖర్చేనన్నాను. ఇంట్లో నడిపేవాళ్ళు కూడా లేరు కదా అన్నాను.

అత్త చేప పక్కన పెట్టి, మోచేతితో చెంప తుడుచుకుని నాకేసి చూసింది.

"అదంతా నాకూ తెలుసురా. నాకు నడపడం నేర్పడానికి ఎంత పెట్రోలవుతాది, అది చెప్పు."